దీపం కొండెక్కాక

ఓల్గీన్‌లో రాత్రి పదికి కరెంటు పోయింది.
పోతుందని తెలుసు, ఎప్పుడొస్తుందో అదే తెలీదు.
నూనె బుడ్డి వెలిగించాను.
గచ్చు మీద పాత దుప్పటి, దుప్పటి మీద ఇంజను,
కోసి శుభ్రం చేస్తున్న చేపలా.

"ఇదాల్మిస్, ఇంకాస్త ఇటు."
బుడ్డి ఇటు జరుపుతాను.
పందొమ్మిదేళ్ళ కాపురంలో
ఎలియేసెర్ నాతో ఎక్కువసార్లు అన్నమాట ఇదే.

ఒకప్పుడు ఈ ఇంజను వీధివీధికీ దోమల పొగ కొట్టేది.
ఇప్పుడు చైనా సైకిలు నడుమున ఇరుక్కుని
మమ్మల్నిద్దర్నీ రొట్టెల బట్టీకి మోస్తుంది,
తెల్లవారుజామున మూడున్నరకి.
ఒకటిన్నర గుర్రాల బలం, అంటాడు.
ఆ ఒకటీ ముసలిది, ఆ సగం కుంటిది, అంటాను.

బట్టీకి ముందు ఒక ఎత్తు ఉంది.
సగం ఎక్కాక ఇంజను దగ్గుతుంది. నేను దిగుతాను.
"నేను లావయ్యానా?"
"ఛ. కంప్రెషన్ తగ్గింది."
ఇంత మర్యాదైన అబద్ధం
ఏ మగాడూ ఏ పెళ్ళానికీ చెప్పి ఉండడు.

అందుకే ఈ రాత్రి.
ఎలకతోక ఆకురాయితో పొగ పోయే దారిని గీకుతున్నాడు,
వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత,
తీసింది మళ్ళీ అతకదని తనలో తనే అనుకుంటూ.
మంటలార్పే డబ్బా కోసి సైలెన్సర్ చేశాడు.
యూనియెస్కి దగ్గర పెద్ద కన్నం జెట్ తెచ్చాడు,
నాలుగు రొట్టెలు, ఒక సబ్బు ఇచ్చి.
ఇక మిగిలింది హెడ్డు. దాన్ని అరగదీయాలి,
పొర్లాడని పలక కావాలి.
గచ్చు గతుకులు. బల్ల చెమ్మకి ఉబ్బింది.
ఇల్లంతా చూసి, చివరికి గోడ వైపు చూశాడు.

మా పెళ్ళి ఫోటో అద్దం.

అడగలేదు. నేనూ ఆపలేదు.
అద్దం మీద గరుకు కాగితం, దాని మీద రెండు చుక్కల నూనె,
హెడ్డు పట్టుకుని ఎనిమిది అంకె దిద్దుతున్నాడు,
బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా, గంటసేపు.
గోడ మీద మేమిద్దరం
మొదటిసారి గాలి పీల్చుకుంటున్నాం.
నా మేలిముసుగు మీద అప్పుడే ఒక దోమ.

నూనె అయిపోయి దీపం కొండెక్కింది.
"బండి ఎప్పుడెక్కుతుందో" అన్నాను.
నవ్వాడు. చీకట్లో నవ్వు
ఎటు నుంచి వచ్చిందో చేత్తో వెతుక్కోవాలి.

ఎక్కింది.
రేకుల మీద మొక్కజొన్నలు గుమ్మరించినట్టు మోగుతూ,
కుక్కల్ని లేపుతూ, ఏ పోలీసు చెవిన పడుతుందోనని
మా ఇద్దరి గుండెల్నీ లేపుతూ ఎక్కింది.
బలం పెరిగింది గానీ బ్రేకు మాత్రం
ఇప్పటికీ ఆయన ఎడమ బూటు మడమే.

నేను దిగలేదు.
దిగి నడిచే ఆ నలభై అడుగుల్లో
మేం చాలా మాట్లాడుకునేవాళ్ళం:
చక్కెర, వాళ్ళ చెల్లి మోకాలు, నాకొచ్చిన కల,
చచ్చిపోయిన మేక పేరేంటో గుర్తు రాకపోవడం.
ఈ రోజు వెనక నుంచి ఏదో అన్నాను.
"ఏంటీ?" అని అరిచాడు.
"ఏం లేదు" అని అరిచాను.

సాయంత్రం అద్దం మళ్ళీ బిగించాడు.
ఒక గీత మిగిలింది, ఆయన భుజం నుంచి నా చెవి దాకా.
పాత జెట్‌ని, చిన్న కన్నం దాన్ని,
బొత్తాల డబ్బాలో వేశాను. ఎందుకో నన్నడక్కండి.

మూడో రోజు, చేతులు తుడుచుకుంటూ,
గుడ్డ వైపే చూస్తూ అన్నాడు:
"పెట్రోలు మరీ తాగుతోంది ఇది.
పాత జెట్ ఎక్కడైనా ఉంటే..."

ఆయన మాట పూర్తి కాలేదు,
డబ్బా మూత అప్పటికే నా చేతిలో ఉంది.