సౌండ్ బంద్ పెట్టిన పాఠం

ఆరు నిమిషాల వీడియో రాత్రి పంపిన:
గ్లాసు నీళ్లల్ల నిలబెట్టిన పెన్సిలు
ఇరిగినట్టు ఎందుకు కనపడుతది?

పొద్దుగాల ప్రార్థన కాంగనే చేతులెత్తమన్న.
ముప్పై నలుగుర్ల పందొమ్మిది.
అండ్ల నలుగురు పక్కింటి ఫోన్ల చూసినోళ్లు,
ఒకనికి సగంలనే డాటా ఒడిసింది.
మిగిలినోళ్లు కిటికీ దిక్కు చూసిండ్రు,
బయట మా భూపాలపల్లి బొగ్గు లారీలు.

జాడి సుప్రియ సగం చెయ్యే ఎత్తింది.
"చూసిన సార్, కని ఇనలే."
వాళ్లది ఒకటే అర్ర.
నాయిన తెల్లారకముందే బాయిల దిగాలె.
ఫోను ఆయన తలాపున ఛార్జింగుల ఉంటది.
సౌండ్ బంద్ పెట్టి చూసిందట.

"మరి ఏం సమజైంది?"
మాట్లాడలే.
నా టేబుల్ మీది డస్టర్ తీసుకొని
అటెండెన్సు రిజిస్టరు మీద ఏటవాలుగ నడిపింది.
"ఒక గీర ముందుగాల బురదల దిగితె
ట్రాక్టరు అటే మర్లుతది గద సార్,
ఎలుతురు గూడ గంతే."

ఆ ట్రాక్టరు నా వీడియోల లేదు.
హన్మకొండల మూడొద్దుల ట్రైనింగుల
రాసుకున్న నోటుబుక్కుల గూడ లేదు.

అప్పటిసంది క్లాసుల టీవీ పెడితే మూగగనే పెడుతున్న.
చూసినోని పక్కన చూడనోన్ని కూసోబెట్టి
మాటలు మీరే కట్టుండ్రి అంటున్న.
తప్పులు దండిగ వస్తున్నయి.
బోర్డు మీద ఆ తప్పులతోనే మొదలుపెడుతున్న.

మొన్న సుప్రియ నాయిన బడికొచ్చిండు,
గోర్లల్ల బొగ్గు, చేతుల టిఫిను డబ్బ.
ఫోను సంగతికి కొట్లాటకొచ్చిండనుకున్న.
గోడకు చెప్పినట్టు మెల్లగ అడిగిండు:
"పండుకున్న గని నిద్ర పట్టలే సార్.
పిల్ల ఎనుక నుంచి నేను గూడ చూసిన.
ఆ పెన్సిలు... నిజంగ ఇరగలే గద?"

నేను గ్లాసు కోసం ఎతికిన.