నున్నటి వైపు

"పాలీంసాఠీ ఘర్ పాహిజే" అన్నది
సిరొంచ బ్యాంకుల కొత్తగ చేరిన ప్రాజక్తా మేడం.
లోపలి నుంచి ఓదెమ్మ విని
పాలకు ఇల్లెందుకు, ఉట్టి సాలదా అన్నది.
మరాఠీల పాల్ అంటే బల్లి అని
నేను చెప్పేసరికి చాట కింద పెట్టి
మేడం భుజాల దిక్కు చూసింది,
ఎడమ మీద పడ్డదా, కుడి మీదనా, ఫలం చెప్దామని.

పడ్డవి కావు. పెంచుకునేవి. రెండు.
పుణెల పుట్టి, ఆలాపల్లి గుంతల రోడ్డు మీద
బూట్ల డబ్బల కూసొని వచ్చినయి.
పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు,
ముల్లంగి లెక్క తోక.
గోడ ఎక్కరాదట వాటికి.
గోడ ఎక్కరాని బల్లి ఏం బల్లి అంటుండంగనే
ఒకటి నన్ను చూసి
కన్ను మూసి, తెరిచింది.

మా దుకాణం గోడ మీది దానికి రెప్పలు లేవు.
ముప్పై ఏండ్ల సంది
నా పనిని ఆర్పకుండ చూస్తనే ఉన్నది.

కొలతలు కాయితం మీద తెచ్చింది:
మూడు ఫీట్లు పొడుగు, ఒకటిన్నర లోతు,
ముందల జరిగే అద్దం,
ఒక పక్క వెచ్చగ, ఒక పక్క సల్లగ.
మే నెలల వెచ్చటి పక్క నేను చెయ్యక్కరలేదు మేడం,
ప్రాణహిత ఒడ్డున ఇసుకే చేస్తది,
ఆ సల్లటి పక్క సంగతి మాట్లాడుదాం అన్న.
పగిలిన కుండ పెంకు తడిపి మూలకు బోర్లిద్దామని
తేల్చుకునేసరికి రెండు చాయలైనయి.
వార్నిష్ వద్దట. ఆ వాసనకు అవి బతకవట.
ఆ మాట నాకు నా దగ్గు ఎన్నడో చెప్పింది.

డిపో వేలంల మిగిలిన టేకు ముక్కలు తెచ్చిన.

దర్వాజలు చేసిన, మంచాలు చేసిన,
సర్పంచి ఇంటికి అద్దాల అల్మారా చేసిన.
అన్నిటికీ బయట నునుపు,
లోపల రంద తాకని గరుకు.
అల్మారా కడుపు ఎవడు తడిమి చూస్తడు?
ఇది తిరగబడ్డ పని.
ఉండేటోళ్లు లోపల ఉంటరు.
మోచెయ్యి దాక లోపల పెట్టి
ఆ మెత్తటి పొట్టలు పాకే జాగంత
ఉప్పుకాయితంతోని రుద్ది రుద్ది,
ఆఖరికి చెంప ఆనిచ్చి చూసిన.
ఓదెమ్మ నవ్వింది. నవ్వనీ.
బయటి దిక్కు మాత్రం వదిలేసిన, రంపం గీతలతోనే.

బదిలీల కొలువు, మేకులు కొట్టలేదు.
బెజ్జంల నాలిక దూర్చి బిగించిన.
విప్పితే గుర్తుకు, పలకల మీద బయటికెళ్లి
మా నాయిన దర్వాజలకు చెక్కినట్టే
ఉలితో అంకెలు పెట్టిన: ౧, ౨, ౩, ౪, ౫.

రెండేండ్లకు సాతారా ఆర్డరు వచ్చింది.
పలకలు గోనెసంచిల, అద్దం దుప్పట్ల,
బల్లులు మళ్ల బూట్ల డబ్బల.

నిన్న ఫోన్ల ఫొటో పంపింది.
రెండూ మూడూ వాళ్ల అంకెల లెక్కనే ఉంటయి,
తప్పు పోలేదు.
మా ఒకటి అట్ల ఉండదు,
వంపు తిరిగిన చిన్న గుమ్మం లెక్క ఉంటది.
బల్లులకు బొమ్మ చెక్కిన్ననుకొని
ఎడమ పలక తెచ్చి కుడికి పెట్టింది.
అంకె లోపలికి వచ్చింది.
నేను చెంప ఆనిచ్చిన నునుపు
బయట, సాతారా దుమ్ముల ఉన్నది.

గుండె కలుక్కుమన్నది.
పెద్దగ చేసి చూసిన.

రంపం గీతల గరుకుకు
ఉల్లిపొర లెక్క ఏదో తట్టుకొని ఉన్నది.
కుబుసం.
ఇక్కడున్నన్ని రోజులు
విడిచేటందుకు రాయి కోసం తిరిగేవట,
ఇప్పుడు ఆ గోడకే ఒళ్లు రాసుకుంటున్నయట.
ఒకటి అంకె కింద, గుమ్మంల నిలబడ్డట్టు,
కొత్త పసుపు తోలుతోని, కండ్లు మూసుకొని.

తప్పు పెట్టిన్నా, విప్పి మళ్ల బిగించాల్నా
అని అడిగింది మేడం.

జవాబు రాయలే ఇంక.
సగంల ఉన్న అల్మారా తలుపు తెరిచి
లోపల చెయ్యి పెట్టి నిలబడ్డ.