అడిగి తెచ్చుకున్న రంగు

తోర్స్‌హౌన్ రేవులో నవంబరు.
మూడున్నరకే దీపాలు వేసుకోవాలి.

పడవల రాకపోకల పట్టిక రాసింది నేను.
ఆలస్యమైన పడవ వరస మీద
లేత వెన్నపూస రంగు పూశాను,
ముందొక పౌండు గుర్తు, వెనక ఆరు అక్షరాలు.
ఎవర్నీ అడగలేదు.
నా తెర తెల్లన, నా అక్షరం నల్లన,
మధ్యలో వెన్న.
కాసేపు ముచ్చటగా చూసుకుని ఇంటికెళ్ళాను.

రాత్రి కాపలా బోర్దుర్‌ది.
తెల్లటి తెర చూస్తే
కళ్ళలో ఇసుక పోసినట్టుంటుందట.
కిందటి వారం మనవరాలు వచ్చి
కంప్యూటరు మొత్తాన్నీ చీకటి చేసిచ్చింది.
మెనూలు, అంచులు, మూలనున్న గడియారం,
అన్నీ కాకినలుపు.
అక్షరాలు వాటంతటవే తెల్లబడ్డాయి.
నా వెన్న మాత్రం మారలేదు.
మారాలని దానికి నేను చెబితేగా!

మంచు మీద పాలు ఒలికినట్టు
వెన్న మీద తెల్లక్షరం.

పొద్దున్నే ఫోను.
"రన్‌వా, నీ పట్టికలో ఒక పడవకి పేరు లేదు."
"ఉంటుంది, సరిగ్గా చూడండి."
"చూశాను. కళ్ళద్దాలు పెట్టుకునీ, తీసేసీ.
చివరికి టార్చి పట్టుకుని వానలో రేవుకెళ్ళి
పడవ ముక్కు మీదే చదివొచ్చాను.
లోమ్‌వీగి."
గొంతులో కోపం లేదు.
ఉంటే బావుండేది.

మధ్యాహ్నం నేనూ వెళ్ళి చూశాను.
పోయినేడు తెల్లపడవ అది.
నల్లరంగు పూసిన రోజునే
హనుస్ పేరు కూడా తెల్లగా తిరగరాశాడు.
ఎవరు చెప్పారని అడిగితే
బ్రష్షు ఆపి నావైపు వింతగా చూశాడు.
చెప్పాల్సిన సంగతా అది?

ఆ సాయంత్రం రంగులు వెతికాను.
బెల్లం రంగు వేస్తే చీకట్లో నిలబడింది,
వెలుగులో బురదైంది.
తేనె రంగు వెలుగులో మెరిసింది,
చీకట్లో అక్షరాన్ని మింగింది.
ఊదా సంగతి అడక్కండి.
పైగా టికెట్ల గదిలో ఎల్స్‌బా ఉంది,
చూపు సగమే. ఆమె తెర నల్లటి నలుపు,
గీతలన్నీ పచ్చటి పసుపు.
ముగ్గురికీ సరిపడే ఒక్క రంగు
ఏ డబ్బాలోనూ లేదు.

అప్పుడు తట్టింది.
నేలరంగు నాది, రాతరంగు వాళ్ళది.
జోడీలో ఒకదాన్ని నేను తెంచుకొచ్చి
రెండోదాన్ని వాళ్ళింట్లోనే వదిలేశాను.
తప్పు వెన్నది కాదు.

ఆరు అక్షరాలూ చెరిపేశాను.
వాటి చోట ఒక ప్రశ్న రాశాను:
మీ ఇంట్లో హెచ్చరికకి ఏం పరుస్తారు?
దాని మీద రాయాలంటే దేంతో రాస్తారు?
రెండూ ఒక్క గుమ్మంలోనే అడిగి
రెండూ కలిపే తెచ్చుకున్నాను.
పక్కన చిన్న త్రికోణం కూడా పెట్టాను,
రంగు చెప్పలేని రోజు అదైనా చెబుతుందని.

మర్నాటి రాత్రి గాలివాన.
పడవలన్నీ ఆలస్యమే అయుంటాయి.
రేవు ఆఫీసు మీదుగా నడిచొస్తూ కిటికీలోంచి చూశాను.
తెర అటు తిరిగుంది.
బోర్దుర్ ముఖం మీద కొంచెం వెలుగు,
చేతిలో కాఫీ,
గోడ మేకుకి వేలాడుతూ టార్చి.

అతని తెర మీద ఆలస్యానిది ఏ రంగో
నాకు తెలీదు.
తలుపు తట్టి అడగొచ్చు.
వానలో కాసేపు నిలబడి
ఇంటికొచ్చేశాను.