రుచి లేని నీళ్ళు

పుదుపేటలో మా సందుకి
బండ్లు నడిచి రావడం తక్కువ, మోసుకొస్తారు.
చచ్చిన బండిని విప్పి
తలుపులు ఒక కొట్టుకి, గేరుబాక్సు ఇంకో కొట్టుకి,
అద్దాలు నా మేనల్లుడికి పంచుతాం.
కూవం కంపూ గ్రీజు వాసనా కలిసే చోట
నలభై ఏళ్ళుగా నేను చెవితో బతుకుతున్నాను.

పొడుగాటి స్క్రూడ్రైవరు.
ఒక కొస ఇంజను మీద, ఒక కొస చెవి వెనక ఎముక మీద.
వాల్వు కొట్టుకుంటే తెలుస్తుంది,
చెయిను సాగితే తెలుస్తుంది,
అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడని కూడా
ఒక్కోసారి తెలుస్తుంది.

మొన్న మంగళవారం
పెరుందేవి అనే ఇంజనీరమ్మ
అగ్గిపెట్టెంత కారు తెచ్చింది.
ముందు చక్రంలో మూలుగు.
"కంపెనీ బేరింగు రావడానికి ఆరు వారాలట,
యతిరాజులుగారూ, మీరేదైనా చూడండి."
హైడ్రోజనుతో నడుస్తుందన్న సంగతి
తర్వాత చెప్పింది,
ఇంట్లో ఎవరికో ఉన్న జబ్బు చెప్పినట్టు.

అలవాటు చొప్పున స్క్రూడ్రైవరు ఆనించాను.
ఏమీ లేదు.
ఎక్కడో ఒక చిన్న ఫ్యాను,
నిద్రపోయే పిల్లి గురకలా.
పిస్టను లేదు, మంట లేదు,
నా చెవికి పని లేదు.
ఇలాంటివి పది వస్తే నేనేం తినాలి అనుకున్నాను.
పైకి మాత్రం "బాగుందమ్మా" అన్నాను.

వెనక గొట్టం కింద చెయ్యి పెట్టాను.
మసి అంటుతుందని వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.
తడి.
గోరువెచ్చగా నాలుగు చుక్కలు.
ఆమె వద్దు వద్దంటున్నా నాలిక్కి రాసుకున్నాను.
రుచి లేదు.
ఈ ఊళ్ళో రుచి లేని నీళ్ళు నేనెరగను.
బోరుకి ఉప్పు, లారీకి క్లోరిను,
వాననీళ్ళకి కూడా డాబా సున్నం.
నీళ్ళ లారీ కోసం బిందెలు వరస పెట్టే ఊళ్ళో
నీళ్ళు కార్చుకుంటూ తిరిగే బండి!
నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది.

"గ్యాసు ఎక్కడ పోయిస్తారు?"
"శ్రీపెరుంబుదూరు అవతల, మా కాంపౌండులో. ఒక్క చోటే."
"మధ్యలో అయిపోతే?"
"లారీ ఎక్కిస్తాం."
"అసలెలా పుడుతుందది?"
"నీళ్ళని కరెంటుతో విడగొట్టొచ్చు.
ఇప్పటికైతే సహజవాయువు నుంచే.
మణలి వైపు నుంచి వస్తుంది."

మణలి చిమ్నీలు నాకు తెలుసు.
మా చెల్లెల్ని ఇచ్చింది అక్కడికే.
పొద్దున ఆరేసిన తెల్ల పంచె
సాయంత్రానికి పావురం రంగు.
"అయితే పొగ పోలేదమ్మా, ఇల్లు మారింది."

ఆమె కాదనలేదు. అందుకే నచ్చింది.
ట్యాంకు తట్టి చూపించింది.
లోపల ఏడొందల రెట్ల ఒత్తిడి.
అన్నిటికన్నా తేలికైన గాలిని
పట్టి ఉంచడానికే అంత బరువు, అంత ఖర్చు.
"బ్యాటరీ బళ్ళు ముందెళ్ళిపోయాయి.
మాకింకా పదేళ్ళు పడుతుంది" అంది.
పదేళ్ళకి నాకు డెబ్బై రెండు.

బేరింగు దొరికింది.
ఎక్కడంటే, గోడవార విప్పి పడేసిన
పాత పెట్రోలు కారు ముందు చక్రంలో.
వెంట్రుకవాసి తేడా లేదు.
కిరోసిన్లో కడిగి, గ్రీజు కూరి, ఎక్కించాను.
తిప్పి విన్నాను. మూలుగు లేదు.
ఏది తాగి నడిచినా
బండి చక్రాల మీదే కదా నడవాలి.

ఎగ్మూరు స్టేషను దాకా తిప్పి తెచ్చాక
ఆమె డబ్బులు లెక్కపెడుతుంటే
మా కుర్రాడు దురైబాబు
గొట్టం కింద సోడా సీసా పెట్టాడు.
పావు సీసా నిండింది.
"బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు లాంటిదేగా అన్నా?"
లాంటిదే.

షెడ్డు మూల ఒక అంబాసిడరు,
బ్యాటరీ ఎండి మూడు వారాలు.
మూతలు విప్పి, ఆరు గదుల్లోకీ తలా కాస్త పోసి
రాత్రంతా ఛార్జికి పెట్టాం.
పొద్దున తాళం తిప్పితే
రెండుసార్లు దగ్గి,
సందంతా నల్లటి పొగ కక్కి
లేచింది.
స్క్రూడ్రైవరు ఆనించాను.
రెండో సిలిండరు, వాల్వు కొట్టుకుంటోంది.