నాలుగోది

బేతంచెర్ల బస్టాండు పక్కన
మద్దిలేటి షాపులో బెంచీ మీద నేను.
పదారేండ్లు. ఇంకా నున్నటి చెంపలు.
చేతిలో, బెంగుళూరు నుంచి తూకానికొచ్చిన
మగవాళ్ల పత్రిక.

నూనె రాసిన ఛాతీ, పలకలు తేలిన పొట్ట.
పలకలంటే మాకు నాపరాళ్లే తెలుసు.

'మగాడికుండాల్సిన ఏడు లక్షణాలు':
మూడోదాకా చదివినా.
బరువైన గడియారం, పేరున్న సెంటు, వణకని చెయ్యి.
నాలుగోది మద్దిలేటి చించుకున్యాడు
కత్తికంటిన నురగ తుడిచేదానికి.

కుర్చీలో మా నాయన.
పాలిషు ఫ్యాక్టరీ మూతపడి ఆ పొద్దుకి తొమ్మిది దినాలు,
రెప్పల్లో ఇంకా రాతిపొడి.
గదమ కింద కత్తి ఆగింది.
నురగలో సన్నగా ఒక చార
దిగుతా ఉంది.

మద్దిలేటి ఏమీ అనల్యా.
రేడియో సౌండు పెంచినాడు.
వేడి గుడ్డ పిండి నాయన మొగం మీద కప్పి
ఉంచినాడు శానాసేపు,
గడ్డానికి అక్కరలేనంత సేపు.

నా కాళ్ల కాడ నాలుగో లక్షణం,
ఉండ చుట్టుకొని, నెరిసిన వెంట్రుకలతో.
వంగి తీసుకోలేదు.

అదేందో నాకీ పొద్దుకీ తెలీదు.
గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం
అద్దం మీద
ఆ గుడ్డ ఆవిరి కమ్ముకుంటాది.