శివారు ఆయకట్టు

సూర్యారావుపేటలో, రెండో అంతస్తులో,
చేతి నరంలోకి పసుపు మందు ఎక్కించి
నా కంటి అడుగు ఫొటో తీశారు.
తెర మీద చూడగానే అన్నాను:
"డాక్టరమ్మా, ఇది మా సెక్షన్ మ్యాపు."

నవ్వింది. నేను నవ్వలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు బందరు కాలువ మీద లస్కరుని.
పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె,
ఊట ఎక్కడుందో గట్టు మీద పాదం పెడితే తెలిసేది.
ఇరవై ఏళ్ళుగా నా నెత్తురే పాకంలా పారుతూ
లోపలి గట్లు కోస్తుంటే మాత్రం
తెలియలేదు.

ఆమె పెన్ను మొనతో అంచులు చూపింది.
"ఇక్కడికి రక్తం అందడం లేదు జకరయ్య గారూ.
అందని చోటు ఊరుకోదు, కేకేస్తుంది.
ఆ కేకకి కొత్త నాళాలు పుడతాయి.
పుట్టినవి గట్టివి కావు, చిట్లుతాయి.
మీ కంటి ముందు ఆడే నల్ల బూజు అదే."

దొంగ తూములు, అన్నాను.

మొదట సూది. తెల్లగుడ్డులోకి.
వింటే భయం గాని, చీమ కుట్టినంతే.
నెలకొకటి, మూడు నెలలు.
కేక వినపడకుండా మందు అడ్డం నిలబడుతుందట.
మూడో నెల ఫొటోలో కొత్త నాళాలు
మే నెల బోదెల్లా ఎండి, దారప్పోగులై ఉన్నాయి.
ఊట తగ్గింది. క్యాలెండరులో అంకె తిరిగి అంకె అయింది.
కానీ మందు బలం తగ్గితే కేక మళ్ళీ లేస్తుంది.

అందుకని లేజరు.
ఆకుపచ్చ మెరుపులు. నాలుగు వందల దాకా లెక్కపెట్టి వదిలేశాను.
"నాళాల్ని కాలుస్తున్నారా?"
"కాదు. అంచున ఉన్న పొరని.
అది బతికుంటే రక్తం అడుగుతుంది.
అడిగేది తగ్గితే మధ్యలో చూపు నిలుస్తుంది."

గడ్డం యంత్రం మీద ఆనించి ఉంది కాబట్టి
తల దించుకోలేకపోయాను.

నాంచారయ్య గుర్తొచ్చాడు.
శివారున ఎకరన్నర. నారు ఎర్రబడ్డ ఏడు
అర్ధరాత్రి గట్టు కింద తాటిబొంగు దూర్చాడు.
నేనే పట్టుకున్నాను. నేనే మట్టి కొట్టి పూడ్చాను.
"నీళ్ళు నేను దొంగిలించలా లస్కరూ,
చేను పిలిచింది" అన్నాడు, మోకాళ్ళ దాకా బురదలో.
రిపోర్టులో ఆ మాట రాయడానికి గడి లేదు.
మరుసటేడు శివారుకి నీళ్ళివ్వమని పైనుంచి కాగితం వచ్చింది.
అడిగే చేలే లేవు. కాలువ నిండుగా, బుద్ధిగా పారింది.
గట్టు నిలబెట్టానని నాకు మెచ్చుకోలు కూడా.

ఇప్పుడు నా రాత్రులు ఇరుకు.
బందరు రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వచ్చే ఆటో
మీద పడేదాకా లేదు.
ఎదుట మాత్రం అన్నీ స్పష్టం:
మందు చీటీ, బస్సు నంబరు.

నిన్న సాయంత్రం లాకుల దగ్గర నిలబడి
గేజీ రాయి మీద అంకె చదివాను, తప్పు లేకుండా.
పక్కన ఎవరో దగ్గారు.
ఎంతసేపటి నుంచి ఉన్నాడో.
తల మొత్తం తిప్పితే గాని
మనిషి కనపడలేదు.