ఒకటి కాదు, రెండు కాదు

మా వాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టరు.
దిష్టి అనుకోండి, భయం అనుకోండి,
మా తాత చెప్పిన కారణం వేరే ఉంది, నాకు సగమే గుర్తు.
అందుకే హాజరప్పుడు వేలు చూపిస్తూ
ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు అంటాను.
పిల్లలకి నవ్వు.
కొత్తగా చేరిన లేయా మాత్రం జూన్‌లో
"మరి నేనెంత టీచర్?" అని ఏడ్చింది.

హంద్రి వంతెన దిగి ఎడమచేతి సందు,
సైకిల్ పంచరు షాపు మీద రేకుల గది.
వారమంతా బడి, శనివారం ప్రార్థన.
తొమ్మిది ఇళ్ళ వాళ్ళం, ఇళ్ళని లెక్కపెట్టొచ్చు;
మిగతా పిల్లలు సందులో వాళ్ళు.
గోడ మీద హీబ్రూ అక్షరాలు రాసింది
బోర్డులు రాసే ఖాజా మొయిద్దీన్.
"కుడి నుంచి ఎడమకే కదక్కా, నా చేతికి అలవాటే" అని
డబ్బు తీసుకోలేదు, రెండు ప్లేట్ల ఉగ్గాని తిన్నాడు.

ఈరోజు ఆఖరి పనిదినం.
ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు.
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో హవల్దార్ ఏలియాజరు,
మా షూలమ్మ పెద్దమ్మ కొడుకు,
పదిహేడేళ్ళు మిలిటరీ లారీ నడిపి
మొన్న పులియని రొట్టెల పండక్కి ఇల్లు చేరాడు.
పిల్లలేసిన బంతిపూల దండ
మెడలో ఉంచుకోలేదు, తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

పదో తరగతి ఎజ్రా లేచి
"ధైర్యం గురించి చెప్పు మామా" అన్నాడు.

"ధైర్యం సంగతి నాకు తెల్దప్పా.
నేను మోసింది కిరసనాయిలు, గోధుమపిండి, ఉత్తరాలు.
ఒకతూరి కోడిపిల్లల పెట్టె."
అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పొద్దు గూకితే మమ్మల్ని లెక్కపెడతారు.
వరసలో నిలబడి ఎవరి అంకె వాళ్ళే అరవాల.
మొదటి రోజు నాకు నోరు పెగల్లేదు,
ఒకటి కాదు అని పెరిగినోణ్ణి కదా.
సుబేదారు తిట్టినాడు. పద్నాలుగు, అని అరిచినా.
శానా ఏండ్లు నేను పద్నాలుగే.
ఒకరోజు మంచు జారింది.
ఆ రాత్రి పన్నెండు తర్వాత ఎవురూ అరవలా.
నేను ఆగినా.
ఎంతసేపు ఆగినానో.
అందరూ నా తట్టు చూస్తాండారు.
పదమూడు, అని నేనే అనాల్సొచ్చింది."

కింద షాపులో ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్నారు.
లేయా అడిగింది, ఆ పదమూడు పేరేంది?

"గుర్మేలు. కోడిపిల్లలు వానివే."

మా దగ్గర ఒక పుస్తకం చదవడం అయిపోతే
మళ్ళీ నీ దగ్గరికి వస్తాం అని దానితో చెప్పి మూస్తాం.
ఈ ఏడు చదివిన పుస్తకానికి అందరం కలిసి చెప్పాం.
ఎజ్రా గొంతు మధ్యలో చీలింది, వయసు అలాంటిది.
జూన్‌కి వాడు నంద్యాలలో ఇంటర్లో ఉంటాడు,
తబితా డిప్లొమాకి అనంతపురం అంటోంది.
యోవేలు తెల్లారుజామున కేసీ కాలవ గట్టున పరిగెడుతున్నాడు,
ఎందుకని నేనడగలేదు,
వాళ్ళమ్మ కూడా అడగలేదు,
హవల్దారు చెబుతున్నంతసేపూ ఆమె గచ్చు వైపే చూసింది.

బొరుగులు పంచేశాం. మైసూర్‌పాకు ముక్కలు చాలలేదు,
పెద్దపిల్లలు తమవి విరిచారు.

సాయంత్రంలోగా మండలం ఆఫీసుకి రిజిస్టరు పంపాలి.
మొత్తం అని రాసి ఉన్న గడి ఏడాదంతా ఖాళీనే.
పెన్ను పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను,
చెప్పులు లెక్కపెట్టాను.
ముప్పైనాలుగు జతలు,
ఒక జత మగమనిషిది, ఎడమ మడమ బాగా అరిగింది.
క్లచ్చు తొక్కే కాలు.

ముప్పైనాలుగు అనే రాశాను.
ఆఫీసు వాళ్ళు అడిగితే అప్పుడు చూద్దాం.